చిన్నమ్మ ఫ్లాపీలు, మరచిపోయే గదులు

ప్రొద్దుటూరులో ఇల్లు మారేటప్పుడు మా చిన్నమ్మ నాకొక అట్టపెట్టె ఇచ్చింది. పెళ్లిపత్రికల కార్డులు వచ్చే పెట్టె అది. మూత తీస్తే, కరిగి అంటుకుపోయిన రబ్బరు బ్యాండ్ల మధ్య 23 ఫ్లాపీ డిస్కులున్నాయి. ఒక్కోదాని మీద బాల్‌పెన్నుతో గుండ్రటి అక్షరాలు. బంగారు అంగడి బిల్లులు. ఎలక్షన్ కరపత్రాలు. కవిసమ్మేళనం. టీచరమ్మ 1. టీచరమ్మ 2. ఒకదాని మీద మాత్రం 'ఖాళీ' అని ఉంది.

"పారేద్దామంటే చేయి రాలేదమ్మీ. నువ్వు చదువుకున్నదానివి, ఒకసారి చూడు. పనికి రాకుంటే నువ్వే పారెయ్" అంది.

చిన్నమ్మ 1998 నుంచి 2009 దాకా ప్రొద్దుటూరులో డీటీపీ సెంటర్ నడిపింది. బోర్డు మీద మా చిన్నాయన పేరుండేది. లోపల కీబోర్డు ముందు కూర్చున్నది మాత్రం ఎప్పుడూ ఆమే. పెళ్లికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయి ఇంగ్లీషు, తెలుగు రెండింట్లోనూ లోయర్, హయ్యర్ పాసయింది. ఆ వేళ్లే తర్వాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లకు అలవాటు పడ్డాయి. ప్రొద్దుటూరు అనగానే మా జిల్లా సాహిత్య చరిత్రల్లో కొన్ని పేర్లు వరసగా వస్తాయి. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని, పుట్టపర్తి నారాయణాచార్యులు. రావలసిన పేర్లే, కాదనను. కానీ ఆ తర్వాతి తరంలో ఎవరి పుస్తకమైనా అచ్చు కావాలంటే ముందు ఎవరో ఒకరు అక్షరమక్షరం కొట్టాలి కదా. మా వైపు చిన్న ఊళ్లల్లో ఆ కొట్టినవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో! వాళ్ల పేరు పుస్తకం చివరి పేజీలో 'డీటీపీ' అన్న మాట పక్కన కూడా ఉండదు. అక్కడ సెంటరు పేరుంటుంది, అంటే మా చిన్నాయన పేరు.

నేను పుట్టింది జమ్మలమడుగులో. ఇప్పుడు పాఠాలు చెప్పేది పులివెందులలో. నా పీహెచ్‌డీ రాయలసీమ స్త్రీల రచనల మీద. ఆ పని చేసినవాళ్లకు ఒక బాధ తెలుసు. తాళ్లపాక తిమ్మక్కతో మొదలుపెడతాం. మొల్ల మా గోపవరం ఆవిడేనని గట్టిగా చెప్పుకుంటాం. ఆ తర్వాత వందల ఏళ్లు పేజీలు తిప్పుతూ పోవాల్సిందే. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి కొండ మీద చీకటి అరలో పడి ఉన్నా మిగిలాయి. అదే ఇంటి ఆడమనిషికి రాగిరేకులు చేయించినవాళ్లు లేరు. అందుకే 'టీచరమ్మ' అన్న రెండు డిస్కులు చూసి నా గుండె గుభేలుమంది. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో చాలాకాలం పనిచేసిన ఒక టీచరు తన కథలు, పాటలు పుస్తకంగా వేసుకుందామని చిన్నమ్మకు ఇచ్చింది. కంపోజింగ్ అయింది. ప్రూఫులు కూడా దిద్దింది. పుస్తకం ప్రెస్సుకు పోకముందే ఆమె పోయింది. చేతిరాత నోటుపుస్తకాలు ఇంట్లోవాళ్లు పాత కాగితాల కింద తూకానికి వేశారు. అంటే ఆ రెండు డిస్కులే మిగిలాయి.

*

ఫ్లాపీ చదవాలంటే డ్రైవు కావాలి. ప్రొద్దుటూరులో, కడపలో కంప్యూటర్ అంగళ్లు తిరిగాను. "అవన్నీ ఎప్పుడో గుజరీకి పోయినాయి మేడమ్" అన్నారు. సోనీ కంపెనీయే 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. చివరికి బెంగుళూరులో ఉన్న ఒక స్నేహితురాలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు పంపించింది. మొదటి డిస్కు పెట్టగానే గరగరమని శబ్దం. భయపడి ఆపేశాను. ఇక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఎవరినడగాలి?

అలా వెతుక్కుంటూ పాత కంప్యూటర్ల మీద మక్కువ ఉన్నవాళ్లు కూడే ఒక చాట్ గదిలోకి వెళ్లాను. ఇప్పటి రంగురంగుల యాప్ కాదది. ఐఆర్‌సీ అనే పాతకాలపు పద్ధతి. తెర మీద ఒట్టి అక్షరాల వరసలు. బొమ్మల్లేవు, ఇష్టపడ్డామని నొక్కే గుర్తుల్లేవు, ఎవరి ముఖమూ కనిపించదు. 'రెట్రో కంప్యూటింగ్' అని వీళ్లు పిలుచుకునే అభిరుచి గలవాళ్లు 1980ల నాటి యంత్రాలను బాగుచేస్తూ, వాటితో ఆడుకుంటూ, వాటి గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటూ ఉంటారు. వాళ్లల్లో వాళ్లకే ఒక తగువు ఉంది. పాత యంత్రాల గురించి మాట్లాడుకోడానికి ఈ పాత గదులే బాగా అమరతాయని కొందరు, ఇంకా వీటినే పట్టుకుని వేలాడితే కొత్తవాళ్లు రారని కొందరు. ఆ తగువులో నాకేం పని అనుకున్నాను మొదట. కొన్ని నెలలు ఆ గదిలో కూర్చున్నాక, ఇది మన తగువు కూడా అనిపించింది.

ముందు ఈ గది చరిత్ర కొంచెం చెప్పాలి. ఐఆర్‌సీని 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే యువకుడు తయారుచేశాడు. దీంతో కబుర్లు ఊళ్లు, దేశాలు దాటాయి. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చినప్పుడు, అదే ఏడు ఆగస్టులో మాస్కోలో కుట్ర జరిగినప్పుడు జనం ఈ గదుల్లోనే వార్తలు చెప్పుకున్నారు. 1993 మేలో దీని నియమాలన్నీ ఒక పత్రంగా వెలువడ్డాయి. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు విద్యార్థులకు తక్కువ ధరకు దొరికింది అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ అకౌంటు. బొమ్మలు చూపలేని ఆ తెర మీద ఐఆర్‌సీ హాయిగా నడిచేది. అయితే ఈ లోకం అప్పట్లో నగరాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల మగపిల్లలదే ఎక్కువ. మా ఊళ్లకు ఇంటర్నెట్ సెంటర్లు వచ్చేసరికి 2000 దాటింది. నేను మొదటిసారి ఇంటర్నెట్ చూసింది పదో తరగతి ఫలితాల కోసం, 2003లో, మా నాయన భుజం వెనకనుంచి.

పాత యంత్రాలవాళ్లకు ఈ గది ఎందుకు అమరిందో అర్థం కావడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. ఇందులో సంభాషణంతా ఒట్టి పాఠమే. ఒక్కో సందేశం 512 బైట్లు దాటకూడదని నియమం. అంత తక్కువ బరువు కాబట్టి 1981 నాటి ఐబీఎం పీసీ మీద కూడా నడిచే ఐఆర్‌సీ ప్రోగ్రాం ఉంది. అమీగాకు ఉంది, కమొడోర్ 64కు కూడా ఉంది. అంటే ఏ యంత్రం గురించి మాట్లాడుతున్నారో ఆ యంత్రం ముందే కూర్చుని మాట్లాడొచ్చు. ఇప్పటి యాప్‌లు పాత యంత్రాన్ని గుమ్మంలోకే రానివ్వవు. ఆ మాటకొస్తే మూడేళ్ల కిందట కొన్న ఫోన్‌నే కొన్ని రానివ్వవు. చిక్కు లేకపోలేదు. ఇప్పటి సర్వర్లు సందేశాలను గూఢలిపిలోకి మార్చి పంపమంటాయి. ఆ లెక్కలు చేసే ఓపిక పాత యంత్రానికి ఉండదు. కొన్ని చోట్ల పాత తలుపు కూడా తెరిచే ఉంచారు కాబట్టి సరిపోతోంది.

రెండో కారణం, ఈ గదికి యజమాని లేడు. ఉన్నాడని ఎవరైనా అనుకుంటే జనం లేచి వెళ్లిపోతారు. 2021 మేలో ఫ్రీనోడ్ అనే పెద్ద నెట్‌వర్కు పెత్తనం విషయంలో గొడవ వచ్చినప్పుడు దాన్ని నడిపే స్వచ్ఛంద కార్యకర్తలు రాజీనామా చేసి లిబెరా చాట్ అని ఇంకొకటి పెట్టుకున్నారు. గదులకు గదులే అక్కడికి తరలిపోయాయి. కంపెనీ నడిపే చోట అలా కుదరదు. యాహూ గ్రూపుల్లో ఏళ్లతరబడి పోగుపడిన చర్చలను ఆ కంపెనీ 2019 చివర తీసేసింది. తెలుగు సాహిత్య చర్చలు కూడా కొన్ని ఆ గ్రూపుల్లోనే జరిగాయన్నది మనలో చాలామందికి తెలిసిందే.

మూడోది నాకు బాగా నచ్చింది. ఈ గదిలో తొందర లేదు. నేను ఫ్లాపీ గరగర గురించి రాత్రి పదింటికి అడిగాను. పొద్దున నాలుగింటికి ఎవరో జవాబిచ్చారు. ఇంకో దేశంలో అది సాయంత్రం కాబోలు. డిస్కు మీద బూజు ఉంటే డ్రైవులో పెట్టొద్దు, డ్రైవు తల పాడవుతుంది, దాన్నుంచి మిగతా డిస్కులు కూడా పాడవుతాయి అన్నారు. మూలనున్న చిన్న కిటికీ తెరిచిపెట్టు, అప్పుడు పొరపాటున కూడా దాని మీద ఏదీ రాయబడదు అన్నారు. ఫైళ్లు తెరవడానికి ఆత్రపడకు, ముందు డిస్కు మొత్తానికి నకలు తియ్యి, చదవలేని చోట్లను మళ్లీ మళ్లీ ప్రయత్నించే ప్రోగ్రాం ఉంది, దాన్ని వదిలేసి నువ్వు పోయి పడుకో అన్నారు. అలాగే చేశాను. ఒక్క పైసా అడగలేదు. నా ఊరు, పేరు అడగలేదు.

*

పేరు అడగలేదన్నాను. ఇక్కడ కాసేపు ఆగాలి. ఐఆర్‌సీలో అందరికీ మారుపేర్లే. నేను పెట్టుకున్నది ఒక చెట్టు పేరు, ఆడదో మగదో తెలియనిది. ఆలోచించి పెట్టుకోలేదు. చేయి దానంతటదే అలా కొట్టింది. ఎందుకో నాకు తెలుసు.

2005లో, ఇంటర్ చదివే రోజుల్లో, ప్రొద్దుటూరు నెట్ సెంటరులో ప్లైవుడ్ అరల మధ్య కూర్చుని ఒక చాట్ గదిలోకి నా అసలు పేరుతో వెళ్లాను. ఎవరితోనైనా పుస్తకాల గురించి మాట్లాడొచ్చనుకున్నాను. నిమిషం తిరక్కముందే తెర నిండా చిన్న చిన్న కిటికీలు తెరుచుకున్నాయి. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు... ఆ తర్వాత మాటలు ఇక్కడ రాయలేను. పక్క అరలోంచి నవ్వు వినిపించింది. ఆ కిటికీల్లో ఒకటి పక్క అరదే అయ్యుంటుందని ఈరోజుకీ నా అనుమానం. లేచి బయటికొచ్చేశాను. ఇంట్లో చెప్తే నెట్ సెంటరు మాన్పిస్తారు కాబట్టి చెప్పలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను, మగపేరుతో. అప్పుడు పుస్తకాల గురించి మాట్లాడారు!

ఇది నా ఒక్కదాని అనుభవం కాదని తర్వాత తెలిసింది. 2006లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంవాళ్లు ఐఆర్‌సీ గదుల్లోకి ఆడపేర్లతో, మగపేర్లతో, ఏదో తెలియని పేర్లతో మనుషులకు బదులు ప్రోగ్రాములను పంపి చూశారు. అవి గదిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఊరికే ఉన్నాయి. అయినా ఆడపేర్లకు వచ్చిన బెదిరింపులు, బూతులు మగపేర్లకు వచ్చినవాటికంటే 25 రెట్లు ఎక్కువ. నోరు విప్పకుండా కూర్చున్నా సరే, పేరు చాలు.

కాబట్టి 'ఇక్కడ నువ్వెవరో ఎవరికీ అక్కర్లేదు, నీకు తెలిసిన విషయమే ముఖ్యం' అని ఈ గదివాళ్లు గర్వంగా చెప్పుకునే మాటను నేను రెండు రకాలుగా వింటాను. నిజమే, నేనెవరో అడగకుండానే సాయం చేశారు. కానీ ఆ కొన్ని నెలలూ నన్ను 'అతను' అనే సంబోధించారు. తెలియని పేరు ఉంటే మగవాడే అయ్యుంటాడని లెక్క. నేను దిద్దలేదు. దిద్దితే ఏమవుతుందో చూసే ధైర్యం చేయలేదు. మారుపేరు నాకు తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి నేను నాలాగా వెళ్లలేకపోయాను. మన సాహిత్యంలో మగపేర్లతో రాసిన ఆడవాళ్ల గురించీ, ఆడపేర్లతో రాసిన మగవాళ్ల గురించీ ఎన్ని వ్యాసాలు రాసుకున్నాం! అదే కథ ఇక్కడ ఇంకో తెర మీద నడుస్తోంది. అలాగని ఫోన్ నంబరు లేనిదే లోపలికి రానివ్వని ఇప్పటి వాట్సాప్ గ్రూపులు ఆడవాళ్లకు మేలని కూడా అనలేను. ముక్కూమొహం తెలియని నలభై మంది చేతుల్లో నంబరు పడటమంటే ఏమిటో మా విద్యార్థినులను అడిగితే చెప్తారు. ఐఆర్‌సీలో కనీసం నంబరు ఇవ్వక్కర్లేదు.

దీనికి మన ఆడవాళ్లు వెతుక్కున్న దారి ఇంకొకటుంది. 2000ల చివర్లో తెలుగు మహిళా బ్లాగర్లు ప్రమదావనం పేరుతో ఆడవాళ్లకు మాత్రమే ఒక గుంపు పెట్టుకున్నారు. తమ పేర్లతో, తమ తెలుగులో మాట్లాడుకున్నారు. పేరు దాచుకునే బదులు గుమ్మం దగ్గర తామే కాపలా ఉన్నారు. పాత యంత్రాల గదుల గురించి జరిగే తగువులో ఈ మూడో దారి మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

*

ఇక భాష సంగతి. కవిసమ్మేళనం డిస్కులోంచి నాలుగు తెలుగు వాక్యాలు యూనికోడ్‌లోకి మార్చి ఆ గదిలో పెట్టాను, వచ్చిందో లేదో చూడమని. మూడో వాక్యం మధ్యలో తెగిపోయింది. ఇంకొకరు, తన పాత యంత్రం మీద అన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయన్నారు.

ఎందుకు తెగిందో లెక్క వేసుకుంటే ఆశ్చర్యమేసింది. యూనికోడ్‌ను పంపించే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు. మనం ఒకే అక్షరంగా రాసే 'స్త్రీ'లో ఆరు సంకేతాలున్నాయి. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారం. మొత్తం 18 బైట్లు. ఇంగ్లీషులో అదే అర్థం వచ్చే మాటకు ఐదు బైట్లు చాలు. సందేశానికి 512 బైట్లే అన్న నియమంలో, చిరునామాకు పోయేవి లెక్కలోకి తీసుకోకపోయినా, 'స్త్రీ' అన్న మాట 28 సార్లకు మించి పట్టదు. ఎవరూ పగబట్టి చేసింది కాదిది. ఆ నియమం రాసినప్పుడు మనం వాళ్ల ఊహలో లేం, అంతే. తమ భాష మాత్రం వాళ్లకు గుర్తుంది. ఫిన్నిష్ అక్షరాల కోసమని ఐఆర్‌సీలో మీసాల బ్రాకెట్లను చదరపు బ్రాకెట్లకు చిన్నబడి రూపాలుగా లెక్కపెడతారు. ఆ నియమం కొన్ని చోట్ల ఇంకా నడుస్తోంది. తెలుగు లిపిలో మారుపేరు పెట్టుకుందామంటే మాత్రం ఇప్పటికీ చాలా నెట్‌వర్కులు ఒప్పుకోవు.

తెలుగువాళ్లు ఇలాంటి ఇరుకుల్లోనే తెలుగు రాసుకుంటూ వచ్చారు. 1990ల మొదట్లో యూజ్‌నెట్ తెలుగు చర్చావేదికలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ అనే పద్ధతి కనిపెట్టారు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కింది. విండోస్‌లో 2001కి గాని గౌతమి ఫాంటు రాలేదు. మా చిన్నమ్మ సెంటరులో 2009లో తలుపు మూసేదాకా అను ఫాంట్లే. ఆ ఫాంట్లలో కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ముక్కలను అతికించారు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు చెత్త కనిపిస్తుంది. ఏ ముక్క ఏ మీటలో ఉందో చిన్నమ్మ వేళ్లకు తెలుసు. ఇప్పుడు అనును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి గాని ఒత్తుల దగ్గర తడబడతాయి. అవి తడబడ్డ చోటల్లా నేను చిన్నమ్మకు ఫోన్ చేశాను. "షిఫ్టు పట్టుకుని కొట్టేదమ్మీ అది, క్రావడి" అని ఆమె కళ్లు మూసుకుని చెప్పేది.

అప్పుడు నాకు తట్టింది. ఆ గదిలో అంతమంది నిపుణులున్నారు. డ్రైవు గురించి, అయస్కాంతపు పూత గురించి, ఫ్లాపీ మీద 80 వలయాలు, వలయానికి 18 గళ్లు, గడికి 512 బైట్లు అని కంఠతా చెప్పగలరు. కానీ ఆ డిస్కుల మీద ఏముందని నన్ను ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం వాళ్ల మర్యాద కావచ్చు. అయినా ఆ అభిరుచి స్వభావం కూడా అదేననిపించింది. వాళ్లకు పాత కంప్యూటరంటే చిన్ననాటి పడకగది, సెలవుల్లో ఆడిన ఆట. బాల్యంలో సొంత కంప్యూటరు ఉన్నవాళ్ల బెంగ అది. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రోలు వచ్చింది మొదట 250 బడులకే. హైదరాబాదు ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ యంత్రాలు పరిశోధనశాలలకూ సంస్థలకూ పోయాయి గాని ఇళ్లకు రాలేదు. చిన్నమ్మకు కంప్యూటరు ఆట కాదు, పేజీకి ఇంతని కూలి. పాతదయ్యాక అది మురిపెంగా అలమారలో పెట్టుకునే వస్తువు కాలేదు. అప్పు తీరకముందే పాతబడిపోయిన యంత్రం అది. "మళ్లీ ఒకసారి ఆ కంప్యూటరు చూడాలనుందా చిన్నమ్మా?" అని అడిగితే, "దాన్ని చూస్తే నడుం నొప్పి గుర్తొస్తాది" అంది.

*

23 డిస్కుల్లో 14 పూర్తిగా వచ్చాయి. ఐదు సగం సగం వచ్చాయి. నాలుగు పోయాయి. 'టీచరమ్మ 1' పూర్తిగా వచ్చింది. 'టీచరమ్మ 2' సగమే. పెన్నలో నీళ్లు రాని ఏడు గురించి ఆమె రాసిన కథ ఒకటి నడుమ తెగిపోయింది. పోయిన గళ్ల చోట ప్రోగ్రాం సున్నాలు నింపుతుంది. ఆ కథను అలాగే, తెగిన చోట తెగినట్టే అచ్చు వేయాలని నా ఆలోచన.

'ఖాళీ' అని రాసిన డిస్కు చివరగా చూశాను. ఖాళీ కాదది. ఒకే ఫైలు ఉంది. ప్రింటరు సరిచూసుకోడానికి కొట్టే పరీక్ష పేజీలు. మామూలుగా అందరూ 'అఆఇఈ' అని కొడతారు. చిన్నమ్మ అక్కడ తన మాటలు కొట్టుకుంది. ఈరోజు ఇంత పని అయిందని మొదలై, తేదీ వెనుక తేదీ, కొన్ని చోట్ల ఒక వాక్యం, కొన్ని చోట్ల పేజీ. రెండో పేజీ దాటాక నేను చదవడం ఆపేశాను. అది నాకు ఇచ్చిన డిస్కే. కానీ అందులో అది ఉందని ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

ఆ రాత్రి నేను ఐఆర్‌సీ గది గురించి ఇంకో రకంగా ఆలోచించాను. ఆ గదికి ఉన్న పెద్ద లోపమని కొత్తవాళ్లు చెప్పేది దాని మతిమరుపు. నువ్వు లేనప్పుడు జరిగిన మాటలు నీకు కనిపించవు. ఎవరైనా పనిగట్టుకుని దాచుకుంటే తప్ప మాట పుట్టిన చోటే పోతుంది. 1991 నాటి యుద్ధపు కబుర్లు ఎవరో దాచారు కాబట్టి ఇప్పటికీ చదవొచ్చు. ఎవరూ దాచనివి ఎన్నో. చరిత్ర రాసేదానిగా ఈ మతిమరుపు మీద నాకు కోపం. నాకు బూజు గురించి అంత ఓపికగా చెప్పినవాళ్ల మాటలు ఎక్కడా లేవు. రేపు ఇంకో ఊళ్లో ఇంకొకామె అదే అడగాలి, మళ్లీ మొదటినుంచీ చెప్పాలి. డిస్కార్డ్ లాంటి కొత్త చోట్ల ఆ మాటలు మిగులుతాయి, తెలుగు కూడా తెగకుండా వస్తుంది. ఆ మేలు కాదనలేను, అయితే అవి ఎన్నాళ్లు మిగలాలో చెప్పేది కంపెనీయే. కానీ చిన్నమ్మ కూతురి వరస దానిగా నాకు ఆ మతిమరుపు విలువ కూడా తెలుస్తోంది. బావి దగ్గర, తిరుగలి దగ్గర, బీడీలు చుట్టే అరుగు మీద ఆడవాళ్లు మాట్లాడుకున్న మాటలు మిగలవని తెలిసే ధైర్యంగా మాట్లాడుకున్నారు. అన్నీ మిగిలిపోయే చోట ఎంతమంది నోరు విప్పుతారు?

కాబట్టి ఆ పాత గదులు పాత యంత్రాలవాళ్లకు ఇంకా అమరతాయా అంటే, యంత్రం బాగుచేసుకోడానికి అమరతాయనే చెప్తాను. నాకు అవే పనికొచ్చాయి. కానీ అక్కడ నేర్చుకున్నది అక్కడే వదిలేస్తే మనకు పనికిరాదు. తెలుగులో రాసి ఇలా పత్రికల్లో పెట్టుకోవాలి. అది ఎవరి పేరుతో మిగలాలో, ఏది మిగలకూడదో, మాట్లాడిన మనిషి చెప్పాలి. గది చెప్పకూడదు, కంపెనీ చెప్పకూడదు. పరిశోధన చేస్తున్నాను కదా అని నేను కూడా చెప్పకూడదు.

మీ అటకల మీద, బీరువాల అడుగున ఇలాంటి డిస్కులుంటే పారేయకండి. ఎండలో పెట్టకండి. బూజు ఉన్నవాటిని విడిగా పెట్టండి. కిటికీ తెరిచి, ముందు నకలు తీసి, ఆ తర్వాతే చూడండి. 1990ల నుంచి మనం నడిపిన చిన్న పత్రికలు, కరపత్రాలు, సభల నివేదికలు ఎన్ని అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో మూగగా పడి ఉన్నాయో. వాటిని కొట్టిన చేతులు ఇంకా ఉన్నాయి, మీటలు గుర్తున్నాయి. వాళ్లను అడగడానికి ఇదే సమయం. అలాంటి డిస్కులో పేరు లేని ఫైలు కనిపిస్తే, తెరవకముందు ఆమెనే అడగండి. నేను తెరిచాక అడిగాను.

పోయిన నెల ప్రొద్దుటూరు వెళ్లి టీచరమ్మ కథల ప్రూఫులు చిన్నమ్మ చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని ముందు తప్పులు వెతికింది. రెండు దొరికాయి. డీటీపీ పక్కన ఈసారి ఆమె పేరు వేస్తానంటే నవ్వి ఊరుకుంది, వద్దనలేదు. అప్పుడు మెల్లగా 'ఖాళీ' డిస్కు సంగతి చెప్పాను. రెండు పేజీలు చదివానని కూడా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"టీచరమ్మది అచ్చెయ్యి. అది ఆమె అచ్చు కోసమే ఇచ్చింది. నాది..." అని డిస్కు చేతిలోకి తీసుకుని, పైనున్న అక్షరాలు వేలితో చూపించింది. "దీని మీద ఖాళీ అని రాసినా కదమ్మీ. ఖాళీనే."

నా కంప్యూటరులోని నకలు ఆమె ముందే తీసేశాను. డిస్కు ఆమె దగ్గరే ఉంది. ఇంతవరకు రాయడానికి మాత్రం ఒప్పుకుంది.